ఎనిమిది దినాలు

నోట్లో నూరు పోగులు బిగించి పట్టుకున్న మనిషికి మాట్లాడే వీలుండదు. అందుకని ఆ రోజు వీరభద్రయ్య ఇంట్లో పొద్దుటి నుంచీ మాట్లాడుతున్నదంతా ఆయన భార్య అలివేలమ్మే.

మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయింది. పాత పడుగు కొసలు దువ్వెనలాంటి అచ్చు వెనక జానెడు పొడవున వేలాడుతున్నాయి. వాటికి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందల పోగులు. ధర్మవరంలో ఈ పనికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు పోగు విడదీసి అందిస్తే, ఇంకొకరు వేళ్ళకు బూడిద అద్దుకొని రెండు కొసలూ కలిపి మెలిపెడతారు. ఖైరున్‌బీకి రెండో మనిషి అక్కర్లేదు. కొత్త పోగులను నూరేసి చొప్పున జుట్టుగా తీసుకొని ఎడమవైపు పళ్ళ మధ్య బిగించి పట్టుకుంటుంది. తల కొంచెం వెనక్కి లాగితే పోగులన్నీ బిగుతుగా నిలబడతాయి. ఒక చేత్తో కొత్త పోగు లాగుతుంది, ఇంకో చేత్తో పాత కొస అందుకుంటుంది, బూడిద వేళ్ళతో ఒక్క మెలి. తెల్లవారి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు మగ్గం నేతకు సిద్ధం. అందుకే ఆమెను పిలవడానికి మగ్గాల ఇళ్ళవాళ్ళు పోటీ పడతారు.

పళ్ళు వదులైతే పోగులు జారతాయి. జారితే చిక్కు పడతాయి. పట్టుపోగుల చిక్కు విప్పడం కన్నా కొత్త పడుగు కొనుక్కోవడం నయం. కాబట్టి పొద్దున బిగించిన పళ్ళు సాయంత్రం దాకా బిగిసే ఉండాలి.

"ఏమ్మే ఖైరున్‌బీ, మళ్ళా తలకు గుడ్డ కట్టినావే?" అంది అలివేలమ్మ, రాట్నం తిప్పుతూ కండె మీది నుంచి చూపు తీయకుండానే. "నిన్న గూడా కట్టుకొనే వస్తివి."

ఖైరున్‌బీ గుడ్డ ముడిలో ఒక వక్క పెట్టి, అది సరిగ్గా ఎడమ కణత మీద నొక్కుకునేట్టు కట్టుకొని వచ్చింది. వక్క నొక్కినంతసేపు ఆ నొప్పిలో ఈ నొప్పి కొంచెం మరుగున పడుతుంది. మూడేళ్ళుగా ఆమె కనిపెట్టిన వైద్యం అదొక్కటే.

"తలకాయ నొప్పి ఎవురికి లేదు చెప్పు? నాకి లేదా? పొద్దంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునే ఆయప్పకి లేదా? నొప్పి నొప్పి అనుకుంటే అది ఇంకా నెత్తికెక్కుతాది."

తలనొప్పితో వచ్చిన చిక్కే ఇది. కాలు విరిగితే కట్టు కనపడుతుంది. జ్వరమొస్తే చేయి వేసి చూడవచ్చు. తలనొప్పికి మాత్రం ఆ మనిషి మాటే ఆధారం. కూలికొచ్చిన ఆడమనిషి మాటకు ఎంత విలువ ఇస్తారో అందరికీ తెలిసిందే.

పళ్ళ మధ్య పోగుల జుట్టు అయిపోయింది. ఇంకో నూరు పోగులు తీసుకోవడానికి ఖైరున్‌బీ నోరు తెరిచింది. ఎడమ చెవి ముందు 'టక్' మంది, ఎండిన కందికాయ చిట్లినట్టు. ఆ వెంటనే నొప్పి చెవిలోంచి కణతకు, కణత నుంచి కంటి వెనక్కి, అక్కడి నుంచి నడినెత్తి మీదుగా మెడలోకి దిగింది. ఆమె బూడిద చేతులు గాలిలో పట్టుకొని, ఒక నిమిషం కళ్ళు మూసుకుంది.

"అక్కా, రవ్వంత సేపు ఒరుగుతా."

"ఒరుగు తల్లీ, ఎవరు వద్దన్నారు? మగ్గం ఆగిపాయనని మీ అన్న నన్ను తింటాడు, అంతే గదా. పెండ్లివాళ్ళు చీరలు ఎప్పుడిస్తారని నిన్న గూడా మనిషిని పంపినారు."

ఖైరున్‌బీ ఒరగలేదు. కొత్త జుట్టు పళ్ళ మధ్య పెట్టుకొని బిగించింది.

మధ్యాహ్నం అలివేలమ్మ రొట్టె, చట్నీ పెట్టింది. రొట్టె కొరకడానికి నోరు తెరుచుకోలేదు. ఖైరున్‌బీ దాన్ని తుంచి, నీళ్ళలో నానబెట్టి మింగింది. అది చూసి అలివేలమ్మ మనసు కరిగింది. ఆమె చెడ్డమనిషి కాదు, ఎదురుగా కనపడిన కష్టానికి వెంటనే కరిగే మనిషి.

"ఆ పన్ను గూడా పీకించుకోమ్మే. ముందు మూడు పీకిస్తే తగ్గింది గదా?"

"తగ్గింది. మూడుసార్లూ ఎనిమిది దినాలు తగ్గింది."

"ఎనిమిది దినాలైనా తగ్గింది గదా! అంటే యాడో మూలం మిగిలిపోయిండాది. ఆ పళ్ళు పీకే బుడన్‌సాబ్‌కి చెప్పు, అసలుది యాడుండాదో చూసి తీయమని."

దీపాల వేళకు పని అయిపోయింది. వీరభద్రయ్య వచ్చి అతుకుల మీద అరచేయి ఆనించి ఆ కొస నుంచి ఈ కొస దాకా నెమ్మదిగా జరిపాడు. "ఒక్కటి తగల్లేదు చూడు చేతికి," అన్నాడు భార్యతో. ఖైరున్‌బీకి ఆ మాట చాలు. తల పగిలిపోతున్నా ఆ మాటకు ఆమె లోపల ఏదో నిటారుగా నిలబడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అంతే.

ఇంట్లో ఆమె మొగుడు కాలేసాబ్ ఆమె తల ఒళ్ళో పెట్టుకొని బొటనవేళ్ళతో కణతలు ఒత్తాడు. ఆయనది రంగుల బట్టీలో పట్టుకు రంగులద్దే పని. ముంజేతుల దాకా చర్మం ఊదారంగుకు తిరిగింది, ఎంత రుద్దినా పోదు.

"ఏమ్మే, రేపు పొద్దున బండికి హిందూపురం పోదాం, బుడన్‌సాబ్ కాడికి. పోతా పోతా పెనుకొండలో దిగి బాబయ్య దర్గాలో ఫాతెహా ఇచ్చి పోదాం. ముందు మూడుసార్లూ ఆ పని చెయ్యలేదు మనం."

* * *

ప్యాసింజరులో ఖైరున్‌బీ సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. సంచిలో ముక్కుపొడి డబ్బీ ఉంది. అందులో ఆమె మూడు పళ్ళూ ఉన్నాయి. ఒంట్లోంచి రాలింది ఏదైనా దాచి ఉంచాలనీ, అది ఒంటితో పాటే మట్టికి పోవాలనీ వాళ్ళ అత్త చెప్పి పోయింది. నాలుగోది కూడా అందులోకే చేరుతుందని డబ్బీ వెంట తెచ్చుకుంది.

పెనుకొండలో దిగి దర్గాకు నడిచారు. ఫాతెహా అయింది, చక్కెర పంచారు. బయటికొచ్చేసరికి జీపొకటి మైకు పెట్టుకొని వీధి వెంట పోతోంది. హైస్కూల్లో పళ్ళ శిబిరమట, పట్నం నుంచి డాక్టర్లు వచ్చారట, పళ్ళు ఉచితంగా చూస్తారట, తీస్తారట.

"ఊరికే పీకుతారంటమ్మే!" అన్నాడు కాలేసాబ్, మొహం వెలిగిపోతూ. "బాబయ్య దయ చూడు, ఎంత తొందరగా పలికినాడో! హిందూపురం పోయే పనే లేదు."

హైస్కూలు గదిలో నల్లబల్ల మీద నిన్నటి లెక్కలు ఇంకా చెరపలేదు. వరసలో గంటన్నర కూర్చున్నాక పిలుపొచ్చింది. డాక్టరు అద్దాల కుర్రవాడు, మాట కోస్తా మాట.

"ఏ పన్నమ్మా?"

ఖైరున్‌బీ ఎడమవైపు చూపించింది. అతను చిన్న ఇనప పుల్లతో ఆ పన్ను మీద తట్టాడు. నొప్పి ఉందా అన్నాడు. లేదంది. పక్కదాని మీద తట్టాడు. లేదంది. ఉన్నవన్నీ వరసగా తట్టి చూసి అతను పుల్ల పక్కన పెట్టాడు.

"మరి నొప్పి ఎక్కడ?"

ఆమె చెవి ముందు నుంచి కణత మీదుగా నెత్తి దాకా, నెత్తి నుంచి మెడ దాకా చేతితో దారి గీసి చూపించింది. అతను లేచి ఆమె వెనక నిలబడ్డాడు. రెండు చెవుల ముందూ రెండేసి వేళ్ళు ఆనించాడు.

"నెమ్మదిగా నోరు తెరవండి. ఇప్పుడు మూయండి. మళ్ళీ."

టక్ మంది.

"ఇదెన్నాళ్ళ నుంచి ఇలా చప్పుడవుతోంది?" అన్నాడు అతను.

ఆ చప్పుడు ఖైరున్‌బీ కాక ఇంకొక మనిషి తెలుసుకోవడం అదే మొదలు. మూడేళ్ళు తన తలలోనే ఉండి తనను అబద్ధాలకోరును చేసిన చప్పుడు ఇంకొకరి వేళ్ళకు తగిలింది. కళ్ళలోంచి నీళ్ళు జారిపోతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

డాక్టరు ఆమె వేళ్ళను ఆమె నోట్లోనే పెట్టుకోమన్నాడు. మూడు వేళ్ళు నిలువునా పట్టాలట. రెండు కూడా పట్టలేదు. అప్పుడు కాలేసాబ్ సంచిలోంచి డబ్బీ తీసి ఇచ్చాడు. అతను పళ్ళను అరచేతిలో పోసుకొని కిటికీ వెలుతురులో ఒక్కొక్కటే తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి ఎవరు తీశారు?"

"హిందూపురంలో బుడన్‌సాబ్ అని, బస్టాండు కాడ."

"వీటిలో ఒక్కటి కూడా పుచ్చలేదండీ. మూడూ మంచి పళ్ళే."

కాలేసాబ్ లేచి నిలబడ్డాడు. "మంచివాటినా పీకింది? మరి తగ్గిందే సామీ! పీకిన ప్రతిసారీ తగ్గిందే!"

"ఎన్నాళ్ళు తగ్గింది?"

"ఎనిమిది దినాలు."

"ఆ ఎనిమిది రోజులూ పనికి వెళ్ళిందా ఆవిడ? అసలు ఏం పని చేస్తారమ్మా మీరు?"

"నోట్లో దూది పెట్టుకొని యాడ పోయేది?" అంది ఖైరున్‌బీ. తరవాత చీరకొంగులోంచి నాలుగు పోగులు లాగి పళ్ళ మధ్య పెట్టుకొని, తల వెనక్కి లాగి, తన పని ఎట్లా ఉంటుందో చూపించింది.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు. ఆమె వేళ్ళు ఆమె కణతల మీదే పెట్టించి, పళ్ళు గట్టిగా బిగించమన్నాడు. వేళ్ళ కింద కణత ఉబ్బింది. వదలమన్నాడు. అణిగిపోయింది.

"చూశారా? పళ్ళు బిగించేది ఈ కండే. మీరు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దీన్ని బిగించి ఉంచుతున్నారు. రోజంతా పిడికిలి బిగించి ఉంచితే చెయ్యి నొప్పెట్టదూ? మీ తలనొప్పి ఇదే. ఇక ఈ చెవి ముందున్నది దవడ కీలు. లోపల మెత్తని బిళ్ళలాంటిది ఉంటుంది. అది చోటు తప్పింది, అందుకే ఆ చప్పుడు. పన్ను తీస్తే తగ్గలేదమ్మా. పన్ను తీశాక మీరు ఎనిమిది రోజులు పోగులు పట్టలేదు, అందుకు తగ్గింది."

గదిలో ఎవరికో పన్ను తీస్తున్నారు, మూలుగు వినపడుతోంది. ఖైరున్‌బీ తిరిగి తన అరచేతిలోకి వచ్చిన మూడు పళ్ళ వైపు చూస్తూ ఉంది. వాటి మీద ఆమెకు జాలి వేసింది.

"దీనికి మందు లేదా సామీ?" అన్నాడు కాలేసాబ్.

"పంటితో పోగు పట్టడం పూర్తిగా మానాలి. వేడి నీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాలి, మెత్తటి తిండి తినాలి. ఏడాదికి చాలావరకు తగ్గొచ్చు. బెంగుళూరులో పళ్ళ మీదికి తొడుగు చేసి ఇస్తారు, అది కీలుకు ఆసరాగా ఉంటుంది. కానీ..." అతను ఆగాడు. "తొడుగు నిలబడాలంటే వెనక పళ్ళు ఉండాలి. ఆ పక్కన మీకు మూడు పోయాయి. పళ్ళు పోయినకొద్దీ కీలు మీద బరువు పెరుగుతుంది. ఒక్క మాట గుర్తు పెట్టుకోండమ్మా, ఇంకొక్క పన్ను కూడా ఎవరితోనూ తీయించుకోవద్దు."

ఆ మాటే చీటీ మీద ఇంగ్లీషులో రాసిచ్చాడు.

హిందూపురం బండి ఎక్కకుండా ధర్మవరం బండి ఎక్కారు. కాలేసాబ్ దారి పొడుగునా తన కణతల మీద ఊదారంగు వేళ్ళు పెట్టుకొని పళ్ళు బిగించడం, వదలడం, మళ్ళీ బిగించడం. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఈ మనిషికేమైందోనని చూస్తున్నాడు.

"నిజమేమ్మే! ఉబ్బుతాండాది!"

ఖైరున్‌బీ నవ్వింది. నవ్వితే దవడ నొచ్చింది, అయినా నవ్వింది. తగ్గుతుందో లేదో ఆమెకు తెలియదు. తన నొప్పి అబద్ధం కాదని ఒక మనిషి చెప్పాడు. ఆ పూటకు అది చాలనిపించింది.

* * *

రెండు రోజుల తరవాత వీరభద్రయ్య రెండో మగ్గం పడుగు కూడా అయిపోయి కబురొచ్చింది. ఖైరున్‌బీ తెల్లవారకముందే పోయి కూర్చుంది. ఈసారి తలకు గుడ్డ లేదు. ఇంటి నుంచి ఒక నూలు పేలిక తెచ్చుకుంది. నూరు పోగుల జుట్టును పేలికతో చుట్టి, మగ్గం గుంజకు కట్టి, పని మొదలుపెట్టింది.

గుంజకు తలలాగా వెనక్కి వాలడం తెలియదు. పది పోగులు లాగేసరికి మిగిలిన తొంభై వదులవుతాయి. లేచి పోయి పేలిక బిగించాలి. ఎక్కువ బిగిస్తే పోగు తెగుతుంది, తక్కువైతే ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. నోటికైతే ఇవన్నీ వాటంతట అవే తెలుస్తాయి, ఎంత బిగించాలో, ఏ పోగు అలిసిందో. లేచి కూర్చొని, లేచి కూర్చొని, మధ్యాహ్నానికి ఆరు వందలు అతికింది. మామూలుగా అయితే ఆ వేళకు రెండు వేలు దాటేది.

అలివేలమ్మ కండెలు చుట్టడం ఆపి వచ్చి నిలబడింది.

"ఇదేమ్మే కొత్తగా, గుంజకు కట్టినావు? ఎప్పటికి అయ్యేను ఇది?"

ఖైరున్‌బీ చెప్పింది. పెనుకొండ, డాక్టరు, చెవి ముందు కీలు, మూడు మంచి పళ్ళు, అన్నీ వరసగా చెప్పింది. ఇంగ్లీషు చీటీ తీసి చూపించింది. "ఇట్ల కణత మీద వేలు పెట్టి పళ్ళు బిగించి చూడక్కా, నీకే తెలుస్తాది," అంది.

అలివేలమ్మ చేతులు కండె పోగుతో ఉన్నాయి. ఆమె వేలు పెట్టి చూడలేదు.

"మా అత్త అరవై ఏండ్లు పంటితో పోగులు కొరికిందిమ్మే. పోయేనాటికి ముప్పై రెండూ ఉండె. ఆయమ్మకి రాని నొప్పి నీకొచ్చిందా? ఆ పిల్ల డాక్టరుకి మగ్గమంటే తెలుసునా?"

"తెలుసో తెల్దో, నొప్పి యాడుండాదో ఆయప్పకే తెలిసిందక్కా. పంటిపని పూర్తిగా మానుకోమన్నాడు. అట్ల కాకున్నా ఎనిమిది దినాలన్నా నన్ను ఇడిసిపెట్టు. ఎనిమిది దినాలు ఊరికే ఉంటే తగ్గుతాది, నాకి తెలుసు."

"ఎనిమిది దినాలా? దేనికి?" అలివేలమ్మ గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "పన్ను పీకించుకున్నప్పుడు నేనేమన్నా అడిగినానా చెప్పు? మూడుసార్లూ నీ నోట్లో నెత్తురు చూసి నేనే అంటి, పో తల్లీ, పోయి పడుకో, మగ్గం ఆగితే ఆగనీ అని. గంజి గూడా పంపిస్తి. ఇప్పుడేముండాది? దూది లేదు, బుగ్గ వాపు లేదు. వట్టి తలకాయ నొప్పికి మగ్గం ఆపితే ఆయప్పకి ఏం చెప్పేది?"

ఖైరున్‌బీకి ఒక్కసారిగా ఒళ్ళంతా మండింది. చీటీ చించి ఈమె మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. చీటీ మడిచి రొంటిన దోపుకొని గుంజ దగ్గరికి పోయి పేలిక బిగించుకుంది.

సాయంత్రానికి పదకొండు వందలు అయ్యాయి. వీరభద్రయ్య బజారు నుంచి వచ్చి చూశాడు. కోప్పడే మనిషి కాదాయన. మగ్గం ముందు చాలాసేపు నిలబడి, తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"పెండ్లి ముహూర్తం దగ్గర పడిందిమ్మా. ఇట్లయితే ఇంకా మూడు దినాలు మగ్గం నిలబడిపోతాది. రేపు రామక్కనీ, వాళ్ళ చెల్లెలునీ రమ్మంటా. ఏమనుకోబాకు. నీకి బాగైనాక నువ్వే వద్దువులే."

బాగైనాక అన్నమాటకు అర్థమేమిటో ఖైరున్‌బీకి తెలుసు. రామక్క, వాళ్ళ చెల్లెలు ఒక ఇంట్లో కూర్చుంటే ఆ ఇల్లు వాళ్ళది. వీరభద్రయ్య చెబితే పక్క ఇళ్ళూ వాళ్ళవే. తను కూడా ఇంకొకరిని జత చేసుకోవచ్చు, కానీ వచ్చే కూలి ఒకటే, అది ఇద్దరికీ సగమవుతుంది. కాలేసాబ్ రంగుల బట్టీ వానలు మొదలైతే మూతపడుతుంది.

"వద్దన్నా," అంది. "రేపు పొద్దుగూకేలోపల అయిపోతాది. నాది పూచీ."

మరునాడు తెల్లవారగానే వచ్చి ఆమె మొదట చేసిన పని గుంజకు కట్టిన పేలిక విప్పడం. తరవాత తలకు గుడ్డ కట్టుకుంది, ముడిలో వక్క పెట్టుకుంది. నూరు పోగులు తీసి ఎడమ పళ్ళ మధ్య పెట్టి బిగించింది. చూడకుండానే తెలుస్తోంది, కణతల మీద ఆ కండ లేచి నిలబడింది. ఇదివరకు తెలియక బిగించేది. ఇప్పుడు ప్రతి జుట్టుకూ లోపల ఏం జరుగుతోందో తెలిసి బిగిస్తోంది. ఆ తెలివి ఆమెకు ఏ మాత్రమూ పనికిరాలేదు, నొప్పికి ఇంకో నొప్పి తోడైంది, అంతే.

పొద్దుగూకే వేళకు మూడు వేల ఏడు వందల పోగులూ అతికింది. వీరభద్రయ్య అరచేయి జరిపి చూసి, "ఒక్కటి తగల్లేదు," అన్నాడు. ఈసారి ఆ మాటకు ఆమె లోపల ఏదీ నిలబడలేదు. గోడ పట్టుకొని బయటికొచ్చి వీధి కాలవలో వాంతి చేసుకుంది.

కాలేసాబ్ వేడినీళ్ళలో గుడ్డ పిండి చెవి ముందు పెట్టాడు. చల్లారితే మళ్ళీ పిండాడు. ఆమె నోరు అర అంగుళం కన్నా తెరుచుకోవడం లేదు. గంజి చెంచాతో పోశాడు.

"పోనీ ఆ పని ఇడిసిపెట్టమ్మే," అన్నాడు.

"ఇడిసిపెట్టి?"

కాలేసాబ్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఆ పక్కింటి ఓబుళప్ప కబురు పెట్టినాడు," అంది ఆమె కళ్ళు మూసుకొనే. "ఎల్లుండి వాళ్ళ మగ్గం అతకాలంట. ఆ తరవాత ఇంకో ఇల్లు. నేను రేపు హిందూపురం పోయొస్తా."

"హిందూపురమా? డాక్టరు వద్దన్నాడు గదమ్మే! ఒక్కటి గూడా తీయించుకోవద్దన్నాడే!"

"అన్నాడు. కానీ నెత్తురు చూస్తే గాని వీళ్ళు నన్ను పడుకోనియ్యరు."

కాలేసాబ్ చేతిలో గుడ్డ చల్లారిపోయింది. ఆయన దాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచలేదు.

పొద్దున ఆమె బయలుదేరుతుంటే ఆయన వద్దనలేదు, వెంట వస్తాననీ అనలేదు. గూట్లో ఉన్న ముక్కుపొడి డబ్బీ తెచ్చి ఆమె సంచిలో పెట్టి, సంచి మూతి దారంతో కట్టి చేతికిచ్చాడు.

* * *

బుడన్‌సాబ్ కొట్టు హిందూపురం బస్టాండు ఎదురుగా, గొడుగులు బాగుచేసే కొట్టు పక్కన. ఒక చెక్క కుర్చీ, లవంగనూనె సీసా, అద్దం. గాజుసీసాలో నిండా పళ్ళు. ఆయన వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న పని అది. ఖైరున్‌బీని చూసి పలకరించాడు.

"రామ్మా, మళ్ళా లేచిందా నొప్పి? యాడ, చూపించు, ఎడమ పక్కనే గదా?"

"ఎడమ పక్క వద్దన్నా. ఆ పక్క పోగులు పట్టేదానికి కావాల. కుడిపక్కది ఏదన్నా తీయి."

బుడన్‌సాబ్ అద్దాలు పైకి జరిపి చూశాడు. ఆమె నోరు తెరిచినంత మేర వేలు పెట్టి కుడివైపు దవడపళ్ళను కదిపి చూశాడు. కదల్లేదు.

"ఇవన్నీ గట్టిగా ఉండాయి గదమ్మా. ఏది నొస్తాండాది?"

"ఏదీ నొస్తా లేదు."

ఆయన వేలు తీసేశాడు. ఆమె పెనుకొండ డాక్టరు చెప్పిందంతా చెప్పింది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. బుడన్‌సాబ్ గాజుసీసా వైపు చూశాడు. అందులో ఎన్ని మంచి పళ్ళో ఆయనకు ఇప్పుడు తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా," అన్నాడు చివరికి. "నొప్పి తగ్గిందని నువ్వే అంటివి గదా. మూడుసార్లూ అంటివి."

"తగ్గిందన్నా. తగ్గినందుకే వచ్చినా."

"తెలిసి తెలిసి మంచి పన్ను ఎట్ల తీసేదమ్మా? నా చెయ్యి రాదు."

"తెలీనప్పుడు వచ్చె గదన్నా," అంది ఖైరున్‌బీ. ఆయన తల దించుకున్నాడు. అది చూసి ఆమెకే బాధేసింది, మాట మెత్తన చేసుకుంది. "తప్పు నీది కాదులే. నాకి ఎనిమిది దినాలు కావాల. దూది కనపడితే చాలు, ఎవరూ పిలవరు, ఎవరూ ఏమనరు. నువ్వు తీయకుంటే ఇంకో కొట్టుకి పోతా. వాళ్ళయితే నొప్పిగా తీస్తారు."

బుడన్‌సాబ్ లేచి పట్టకారు వేడినీళ్ళలో వేశాడు. మామూలుగా ఆ పని అంతసేపు చేయడు.

పన్ను తేలిగ్గా రాలేదు. మంచి పన్ను కాబట్టి దాని వేళ్ళు లోతుకు దిగి ఉన్నాయి. ఆయన చేయి రెండుసార్లు జారింది. వచ్చాక ఆయన దాన్ని సీసాలో వేయబోయి, ఆమె డబ్బీ మూత తీసి పట్టుకోవడం చూసి, కడిగి అందులో వేశాడు. ఆమె ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. గొడుగుల కొట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నం బండి దిగి ఖైరున్‌బీ నేరుగా వీరభద్రయ్య ఇంటి మీదుగా నడిచింది. అటు పోవలసిన పని లేదు, అయినా అటే నడిచింది. అలివేలమ్మ గడపలో పోగులు ఆరబెడుతోంది. నోట్లో దూది అంచున ఎర్రగా నెత్తురు చూసి గబగబా లేచి వచ్చింది.

"అయ్యో తల్లీ! ఎంత నెత్తురమ్మే! నేను చెప్పలేదా, మూలం యాడో మిగిలిపోయిండాదని? ఇప్పుడు పోతాది చూడు." ఆమె చేయి ఖైరున్‌బీ భుజం మీద నిజమైన ప్రేమతో ఉంది. "పో, పోయి పడుకో. ఎనిమిది దినాలు ఇటు తలెత్తి చూడబాకు. ఓబుళప్పకు నేను చెప్తాలే. సాయంత్రం గంజి పంపిస్తా."

ఖైరున్‌బీ తలూపింది. ఆ చేతిని తోసేయాలనీ, ఆ చేతి మీద తల పెట్టి ఏడవాలనీ రెండూ ఒకేసారి అనిపించాయి.

ఇంటికొచ్చి చాప వేసుకొని పడుకుంది. కాలేసాబ్ బట్టీకి పోయాడు. తలుపు సందులోంచి ఎండ గీతలా పడుతోంది. పన్ను తీసిన చోట సలుపుతోంది, కానీ అది చిన్న నొప్పి, దానికి పేరుంది, చోటుంది. పళ్ళు ఒకదానికొకటి తగలకుండా దవడ వదులుగా వదిలేసింది. కణత మీద వేలు పెట్టి చూసుకుంది. మెత్తగా ఉంది. ఇంకో రెండు రోజులకు కంటి వెనక నొప్పి పోతుంది, నాలుగో రోజుకు మెడ తిరుగుతుంది. అయిదు, ఆరు, ఏడు, మూడు రోజులు హాయిగా ఉంటుంది.

దూది పక్కనుంచి నాలుక తిప్పి మిగిలిన పళ్ళను తడిమింది. ముందు పళ్ళు లెక్కలోకి రావు, అవి పోతే నలుగురికీ కనపడుతుంది. వెనకవి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పన్నెండు ఉన్నాయి. పన్నెండు ఎనిమిదులు ఎన్ని దినాలో వేళ్ళ మీద కూడుతూ, సగంలోనే నిద్రపోయింది.